వంతగాడి చేతికి ఫోను వచ్చాక

నాదెండ్ల మండలంలో ఉన్న మనిషి శాసనసభకు ఓటు వేసేది చిలకలూరిపేట నియోజకవర్గంలో. పేట, నాదెండ్ల, యడ్లపాడు మండలాలు మూడూ కలిస్తే ఆ నియోజకవర్గం. ఈ మూడు మండలాల్లో చేతిలో ఫోనున్న వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చూసిన వీడియో ఒకటుంది. అది 2017లో విశాఖపట్నంలో జరిగిన తెలుగుదేశం మహానాడులోది. వేదిక మీద ఒక యువ నాయకురాలు మైకు ముందు నిలబడి, సైబరాబాద్‌లో చంద్రబాబు నాయుడు నాటిన మొక్క తానేనని చెప్పారు. సభ చప్పట్లతో మోగింది. ఆమె విడదల రజిని. మరుసటి ఏడాది వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. 2019లో చిలకలూరిపేటలో అప్పటి మంత్రి ప్రత్తిపాటి పుల్లారావు మీద గెలిచారు. 2022లో తానే మంత్రి అయ్యారు.

మహానాడు పందిళ్లు విప్పేసి ఏళ్లు గడిచినా ఆ మొక్క వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది. కింద వినిపించే సినిమా పాట మారుతుంది, పైన రాసే మాట మారుతుంది, మొక్క మారదు. నాయకులు పార్టీ మారడం పల్నాడుకు కొత్త కాదు. కాకపోతే వెనకటికి నిన్నటి మాట నిన్నటితో పోయేది. సభలో విన్నవాళ్లు మర్చిపోయేవాళ్లు, అచ్చేసిన పత్రిక పాతబడి బజ్జీల పొట్లం అయిపోయేది. ఇప్పుడు నిన్నటి మాట ప్రతి ఓటరు జేబులోనూ ఉంది. రాజకీయాల్లో ఇంటర్నెట్ తెచ్చిన మార్పుల్లో ఇది అన్నిటికంటే పెద్దది, మంచిది కూడా. ఏ పార్టీ నాయకుడైనా ఈవేళ మైకు పట్టుకునేటప్పుడు, ఈ మాట అయిదేళ్ల తర్వాత ఎదురొస్తే ఏం చెప్పాలి అని ఆలోచించక తప్పడం లేదు.

అంతమాత్రాన వీడియోలే గెలుపోటములు రాస్తున్నాయనుకుంటే పొరపాటు. పేట ఓటర్లు 2019లో రజినిని గెలిపించారు, 2024లో పుల్లారావును తిరిగి తెచ్చుకున్నారు. రెండుసార్లూ రాష్ట్రమంతటా వీచిన గాలే ఇక్కడా వీచింది. ఫోనులో నవ్వుకున్నది ఒక లెక్క, బూత్‌లో మీట నొక్కింది మరో లెక్క. ఆ రెండూ ఒకటే అనుకుని డబ్బు కుమ్మరించే పార్టీలు ఓటరును తక్కువ అంచనా వేస్తున్నాయి.

మారింది ఇంకొకటి కూడా ఉంది. అది తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1984 ఆగస్టు 16. నాదెండ్ల అనే పేరు ఆ రోజు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరు కారణంగా కాదు, ఆ ఇంటిపేరున్న భాస్కరరావు కారణంగా. గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. ఆ ప్రభుత్వం 31 రోజులు నిలిచింది. జనం రోడ్ల మీదికి వచ్చారు, ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించారు, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులూ పల్లెకు వార్త తెచ్చింది రేడియో. సాయంత్రం వార్తల వేళకు ట్రాన్సిస్టరున్న ఇంటి అరుగు మీద పదిమంది చేరేవాళ్లు. వార్త అయ్యాక మొదలయ్యేది వ్యాఖ్యానం, ఆ వెనక ఎప్పుడో పుట్టేది జోకు. అది బస్సెక్కి, సంతకు వెళ్లి, పెళ్లి పందిట్లో నానుతూ వారానికో పది రోజులకో పక్క తాలూకాకు చేరేది. వార్త రేడియో వేగంతో వస్తే, నవ్వు కాలినడకన వచ్చేది. ఆ రెంటి మధ్య మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉండేది.

ఈవేళ నవ్వే ముందొస్తోంది. శాసనసభలో ఒక నాయకుడి నోరు తడబడితే, ఏ విషయం మీద మాట్లాడుతూ తడబడ్డాడో తెలియకముందే ఆ తడబాటు మీద హాస్యనటుడు బ్రహ్మానందం నవ్వుతూ ఫోనులో ప్రత్యక్షమవుతాడు. వార్త ఏమిటో జోకును బట్టి ఊహించుకోవాల్సి వస్తోంది. చాలామంది కుర్రాళ్లకు ఒక బిల్లు గురించో, ఒక కుంభకోణం గురించో మొదట తెలిసేది మీమ్ ద్వారానే. కొందరికి చివర తెలిసేదీ అంతే.

గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో పెరిగిన పెద్దవాళ్లకు ఈ తేడా చెప్పడానికి బుర్రకథను మించిన ఉదాహరణ దొరకదు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతగాళ్లు, చేతుల్లో డక్కీలు. ఆ ఇద్దరూ ఉత్త తాళం వేసేవాళ్లు కాదు. ఒక వంతది హాస్యం, రెండో వంతది రాజకీయం. కథకుడు పల్నాటి యుద్ధంలో కోడిపందెం ఘట్టం చెబుతుంటే, హాస్యం వంత అడ్డం వచ్చి ఏదో అమాయకపు ప్రశ్న వేస్తాడు. రాజకీయం వంత ఆ ప్రశ్ననే పట్టుకుని ఇప్పటి ఎన్నికల్లోకి, ఇప్పటి కరువులోకి లాక్కొస్తాడు. జనం గొల్లున నవ్వుతారు. కథకుడు తంబుర మీటి కథను మళ్లీ దారిలో పెడతాడు. ఈ కళకు పెట్టింది పేరైన షేక్ నాజర్‌ది ఈ చుట్టుపక్కలదే అయిన పొన్నెకల్లు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం కథలతో పాటు బెంగాల్ కరువును కూడా ఆయన బుర్రకథగా చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. తెల్లదొరలు మద్రాసు రాష్ట్రంలోనూ, నిజాం సర్కారు హైదరాబాదులోనూ బుర్రకథను నిషేధించిన సందర్భాలున్నాయి. ఆ వంతగాళ్ల నవ్వులో ఎంత పదునుందో ఆ నిషేధాలే చెబుతాయి.

ఆ ముగ్గురి అమరికను కాస్త దగ్గరగా చూడాలి. హాస్యానికి ఒక మనిషి, రాజకీయానికి ఒక మనిషి, ఇద్దరి మధ్యా కథను చేజారనివ్వకుండా పట్టుకున్న మనిషి. జరిగిందేమిటో చెప్పే బాధ్యత ఆ నడిమి మనిషిది. ఇంటర్నెట్ ఇద్దరు వంతగాళ్లకూ లక్షల మైకులిచ్చింది. నడిమి కథకుడికి మాత్రం వేదిక మీద చోటు తగ్గిపోతోంది. రాజకీయ హాస్యం గురించి బెంగపడాల్సింది ఏదైనా ఉంటే అది ఇదే. జనం నవ్వుతున్నారని బెంగ అక్కర్లేదు. ఏ కథకు నవ్వుతున్నారో తెలియకుండా నవ్వుతున్నారే, అదీ బెంగ.

బుర్రకథ తర్వాత ఆ పని పత్రికల్లో కార్టూన్ చేసింది. ‘ఈనాడు’లో శ్రీధర్ 1981 నుంచి 2021 ఆగస్టు దాకా, అంటే నలభై ఏళ్లు, రోజూ గీశారు. పొద్దున్నే పేపరు తెరవగానే ముందు ఆయన బొమ్మ చూసి, ఆ తర్వాత వార్త చదివిన పాఠకులు తెలుగునాట లక్షల్లో ఉన్నారు. కార్టూనిస్టు మోహన్ గీతల్లో ఎమ్మెల్యే పొట్ట, పోలీసు లాఠీ, బక్క రైతు ఒకే చట్రంలో ఇమిడి మాట్లాడుకునేవి. రోజుకు ఒక్క బొమ్మ, కింద సంతకం. ఎవరు గీశారో తెలుసు, ఎవరిని అడగాలో తెలుసు. వార్త అదే పేజీలో పక్కనే ఉండేది కాబట్టి కథకుడు దూరం పోలేదు.

పత్రికల వెక్కిరింపునూ పాలకులు సహించలేదు. 1983 మార్చి 10న ‘ఈనాడు’ శాసనమండలిలో జరిగిన రభస మీద ‘పెద్దల గలభా’ అని శీర్షిక పెట్టింది. పెద్దల సభను అలా అంటారా అని మండలికి కోపం వచ్చింది. సభాహక్కుల ఉల్లంఘన కింద సంపాదకుడు రామోజీరావును సభకు రప్పించి మందలించాలని పట్టుబట్టింది. 1984 మార్చిలో పోలీసు కమిషనర్ ఆయన్ను తీసుకెళ్లడానికి వచ్చేదాకా పోయింది వ్యవహారం. సుప్రీంకోర్టు ఉత్తర్వు అడ్డుపడింది. రెండే రెండు మాటల శీర్షిక కోసం ఒక సభకూ, ఒక పత్రికకూ, దేశ సర్వోన్నత న్యాయస్థానానికీ మధ్య అంత పెనుగులాట జరిగింది. 1985లో రామారావు ఆ మండలినే రద్దు చేయించారు. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో అది మళ్లీ వచ్చింది.

మళ్లీ వచ్చిన మండలికి మళ్లీ కోపం వచ్చింది, 2017లో. ఈసారి పత్రిక కాదు, ‘పొలిటికల్ పంచ్’ అనే ఫేస్‌బుక్ పేజీ. మండలి మీద అందులో వచ్చిన ఒక కార్టూన్ అసభ్యంగా ఉందని శాసనసభ కార్యాలయం ఫిర్యాదు చేసింది. ఏప్రిల్‌లో తుళ్లూరు పోలీసులు ఆ పేజీ నడిపే మనిషిని శంషాబాద్‌లోని ఇంటి నుంచి పట్టుకొచ్చారు. 1983లో ఎదురుగా ఉన్నది పెద్ద పత్రిక. లాయర్లున్నారు, కోర్టుకు వెళ్లే స్తోమత ఉంది. 2017లో ఎదురుగా ఉన్నది ఒక్క మనిషి, ఒక ఫోను. ఆ కార్టూన్ మర్యాద దాటిందనే అనుకుందాం. అయినా దానికి జవాబు తెల్లవారుజామున తలుపు తట్టడమేనా అన్న ప్రశ్న అప్పుడు అన్ని పక్షాల వాళ్లూ అడగాల్సింది. అడిగింది అప్పటి ప్రతిపక్షం మాత్రమే. కుర్చీలు మారాక ఆ ప్రశ్న కూడా పక్షం మారింది.

2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు తర్వాత ప్రభుత్వాన్ని ప్రశ్నించే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళ మీద సీఐడీ కేసు పెట్టింది. అప్పుడు ప్రభుత్వం వైఎస్సార్ కాంగ్రెస్‌ది. తెలుగుదేశం కూటమి ప్రభుత్వం వచ్చిన కొద్ది నెలలకే, 2024 నవంబరులో, వైఎస్సార్ కాంగ్రెస్ సోషల్ మీడియా కార్యకర్తలను వరసగా అరెస్టు చేశారు. దర్శకుడు రాంగోపాల్ వర్మ మీద ప్రకాశం జిల్లా మద్దిపాడులో కేసు పడింది. మార్ఫింగ్ బొమ్మలు పెట్టారని ఫిర్యాదు. 2025 ఫిబ్రవరిలో సినీ రచయిత పోసాని కృష్ణమురళిని హైదరాబాదులో అరెస్టు చేసి, ఊరూరా ఉన్న కేసుల్లో జైలు నుంచి జైలుకు తిప్పారు. ఆ వరసలో నరసరావుపేటకూ తీసుకొచ్చారు. పల్నాడుకు ఆయన కొత్త మనిషి కాదు. 2009లో ప్రజారాజ్యం తరఫున చిలకలూరిపేటలో నిలబడి ఓడారు. పదహారేళ్ల కింద ఓట్లడుగుతూ తిరిగిన గడ్డ మీదికి పోలీసు బండిలో వచ్చారు.

ఇక్కడ ఒక గీత గీయక తప్పదు. అరెస్టయిన వాళ్లు రాసినవన్నీ హాస్యం కావు. నాయకుల భార్యల మీద, కూతుళ్ల మీద, తల్లుల మీద రాసిన బూతులను నవ్వు అనడం నవ్వుకే అవమానం. 2021 నవంబరు 19న చంద్రబాబు నాయుడు తన భార్యను అవమానించారంటూ శాసనసభ నుంచి బయటికి వచ్చి, విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ల మీదే ఆ రాత్రికి వందల మీమ్‌లు తయారయ్యాయి. అవతలి పక్షం ఇళ్లలోని ఆడవాళ్లూ అంతకు తక్కువేమీ పడలేదు. తెలుగు రాజకీయాల్లో పార్టీ ఏదైనా, పోస్టు ఎవరిదైనా, తిట్టు చివరికి చేరేది ఒక ఆడమనిషి దగ్గరికే. నాజర్ పక్కన నిలబడ్డ హాస్యం వంతగాడు ఎదురుగా ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ల మొహాలు చూస్తూ మాట్లాడాలి. మాట జారితే ఆ ఊరు దాటి బయటపడలేడు. ఫోను వెనకున్న మనిషికి ఆ మొహాలు కనపడవు.

చట్టం సంగతి కూడా కాస్త చెప్పాలి. ఇంటర్నెట్‌లో ‘చికాకు కలిగించే’ మాట రాసినా జైలుకు పంపగలిగే సెక్షన్ 66ఏ ఒకప్పుడు ఐటీ చట్టంలో ఉండేది. 2012లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిల మీద, ఒకరు ఫేస్‌బుక్‌లో రాసినందుకు, ఇంకొకరు దాన్ని మెచ్చుకున్నందుకు, అదే ప్రయోగించారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ నారిమన్‌తో పాటు కూర్చున్నది కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఒక తెలుగు న్యాయమూర్తి పాలుపంచుకున్న తీర్పు తెలుగు రాష్ట్రాల పోలీసు స్టేషన్లలోకి ఇంకా పూర్తిగా దిగలేదు. ఆ సెక్షన్ పోయినా వర్గాల మధ్య విద్వేషం, కుట్ర వంటి సెక్షన్లు దాని పని చేసిపెడుతున్నాయి. 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపి, సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో యాంత్రికంగా రిమాండు వేయవద్దని, అరెస్టుల మీద సుప్రీంకోర్టు పెట్టిన నిబంధనలు పాటించాలని గుర్తు చేయాల్సి వచ్చింది.

సినిమావాళ్లకూ ఈ బాధ కొత్తది కాదు. 1987లో వచ్చిన ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర వేశారు. విజయవాడలో ఎన్టీఆర్ అభిమానులు ఆయన మీద చేయి చేసుకున్నారు. అప్పటి కోపానికి చేతులుండేవి, ఎదుట మనిషి ఉండేవాడు. అది తప్పే. కాకపోతే ఆ నటుడి తల్లి గురించి తెల్లారేసరికి రాష్ట్రమంతా చదువుకునే అవకాశం అప్పుడు లేదు.

పల్లెలో అసలు మార్పు 2016 సెప్టెంబరు 5 తర్వాత మొదలైంది. ఆ రోజు జియో వచ్చింది. అప్పటిదాకా నెలకు ఒక జీబీ డేటా కొనుక్కుని చుక్క చుక్కగా వాడుకున్న మనిషి, రోజుకు ఒక జీబీ పైగా వాడటం మొదలెట్టాడు. పత్తి చేలో కూలికి వెళ్లిన మనిషి కూడా మధ్యాహ్నం సద్దన్నం తిని గట్టు మీద కూర్చుని వీడియో చూడగలిగాడు. నాయకుడి మాట వినడానికి బహిరంగ సభకు లారీ ఎక్కాల్సిన పని తప్పింది. ఆ మాటను ఎగతాళి చేయడానికి పత్రికలో ఉద్యోగం ఉండాల్సిన పనీ తప్పింది.

మీమ్ ఎలా తయారవుతుందో చూడాలంటే పేటలో డిగ్రీ చదివే ఏ కుర్రాణ్ణి అడిగినా చేసి చూపిస్తాడు. ముందు ఒక మొహం కావాలి. నూటికి యాభైసార్లు ఆ మొహం బ్రహ్మానందానిదే. ఆయన పుట్టింది సత్తెనపల్లి దగ్గర ముప్పాళ్ల మండలం చాగంటివారిపాలెంలో. తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరరు. ‘అహ నా పెళ్ళంట’లో అరగుండుగా 1987లో జనానికి పరిచయమయ్యారు. ‘మనీ’లో ఖాన్ దాదా, ‘దూకుడు’లో పద్మశ్రీ, ‘రేసుగుర్రం’లో కిల్ బిల్ పాండే, ఇలా ముప్పై ఏళ్ల పాటు ఆ మొహం పలికించని భావం లేదు. సినిమాలో ఒక సెకను మెరిసి పోయిన చూపును కుర్రాడు ఆపి పట్టుకుంటాడు. పైన ఒక వాక్యం, కింద ఒక వాక్యం. పైది నాయకుడు అన్న మాట, కిందది మొహం చెప్పే మాట. పది నిమిషాల్లో అయిపోతుంది. స్టేటస్‌లో పెడతాడు, రెండు గ్రూపుల్లోకి తోస్తాడు. అక్కడి నుంచి అది వాడిది కాదు. సంతకం ఉండదు. డల్లాస్‌లో ఉన్న వాడి పెదనాన్న కొడుకు మర్నాడు పొద్దున్నే అదే బొమ్మను, ఎవరో చేసిందనుకుని, వాడికే తిరిగి పంపిస్తాడు.

ఈ పనిలో గొప్ప తెలివి ఉంది. ఆ విషయం దాచక్కర్లేదు. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లు వచ్చాయి. అంతకుముందు ఆ పార్టీ చేర్చుకున్న వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 23 మంది. ఫలితం వచ్చింది మే 23న. ఆ మూడు అంకెలను ఒక్క చోట పెట్టి చూపించడానికి సంపాదకీయం రాయక్కర్లేదు. ఆ రోజు ఫోన్లన్నిటి నిండా ఆ అంకే. అయిదేళ్లు తిరిగేసరికి అది తిరగబడింది. 175కు 175 ఎందుకు రావు అని ప్రచారం చేసిన పార్టీకి 2024 జూన్ 4న పదకొండు వచ్చాయి. ఇక పదకొండు కనిపించిన ప్రతి చోటా నవ్వే. గడియారంలో పదకొండు, క్యాలెండరులో పదకొండు, క్రికెట్ జట్టులో పదకొండు మంది. ఓడినవాడి మీద నవ్వు ఎప్పుడూ ఉన్నదే. ప్రజాస్వామ్యంలో అది ఆరోగ్యం. అయిదేళ్లు అధికారం చలాయించిన మనిషిని ఓటరు ఒక్క అంకెతో పలకరించగలిగాడు.

చిక్కు ఎక్కడంటే, ఆ నవ్వు ఓటరుదేనా, పార్టీ ఆఫీసుదా అన్నది ఇప్పుడు పోల్చుకోలేము. 2017 నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్ స్థాపించిన ఐప్యాక్ పనిచేసింది. ఆ తర్వాత తెలుగుదేశమూ తన వ్యూహకర్తలను తెచ్చుకుంది. ఇప్పుడు ప్రతి పార్టీకీ సోషల్ మీడియా విభాగం ఉంది, జిల్లాకో ఇన్‌చార్జి, నియోజకవర్గానికో బృందం. నిజంగా నవ్వొచ్చి నవ్వేవాణ్ణి కూడా అవతలివాళ్లు ‘పేటీఎం బ్యాచ్’ అనో, ‘పచ్చ బ్యాచ్’ అనో కొట్టిపారేస్తున్నారు. కూలి తీసుకుని నవ్వేవాడి వల్ల ఉత్తినే నవ్వేవాడి మాటకు విలువ పోయింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు రాజునూ వెక్కిరించేవాడు, సేనాపతినీ వెక్కిరించేవాడు. ఒక్క పక్షాన్నే వెక్కిరించే కేతిగాణ్ణి ఏ ఊరూ రెండో రాత్రి కూర్చుని చూసేది కాదు.

పల్నాడులో ఇంటర్నెట్ అంటే నవ్వు ఒక్కటే కాదు. 2024 మే 13న పోలింగు. మాచర్ల నియోజకవర్గం, రెంటచింతల మండలం, పాల్వాయి గేటు, 202వ పోలింగు కేంద్రం. లోపల వెబ్‌కాస్టింగ్ కెమెరా తిరుగుతోంది. అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోపలికి రావడం, ఓటింగు యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టడం, అడ్డుపోయిన ఏజెంటు మీదికి జనం ఎగబడటం ఆ కెమెరాలో పడ్డాయి. ఆ దృశ్యం జనం చేతికి వచ్చింది వారం తర్వాత. ఎన్నికల అధికారులు తాము దాన్ని విడుదల చేయలేదన్నారు. అయినా ఒక్క సాయంత్రంలో అది దేశమంతా తిరిగింది. మర్నాడే ఎన్నికల సంఘం అరెస్టుకు ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆయన్ను ఓట్ల లెక్కింపు కేంద్రం దగ్గరికి వెళ్లనివ్వలేదు. జూన్ నెలాఖరులో అరెస్టయ్యారు.

మాచర్ల, గురజాల వైపు బూత్‌లో ఏం జరిగిందో బయటికి రావడం ఎంత కష్టమో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎన్నో ఎన్నికలు విన్నారు, చూశారు. చూసినవాడు చెప్పడానికి భయపడేవాడు, చెప్పినా రుజువుండేది కాదు. గోడకు బిగించిన ఒక చిన్న కెమెరా ఆ పని చేసింది. ఆ పోలింగు అల్లర్ల కారణంగా జిల్లా కలెక్టరును బదిలీ చేశారు, ఎస్పీని సస్పెండ్ చేశారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో 81.86 శాతం పోలింగు జరిగింది. పాల్వాయి గేటు వీడియో మీద కూడా మీమ్‌లు వచ్చాయి. కానీ ఆ రోజు వాటి అవసరం లేదు. నడిమి కథకుడు, ఏళ్ల తరబడి కనపడని ఆ మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

వీడియో ఎప్పుడూ అంత నిజాయితీగా ఉంటుందని కాదు. అదే ఎన్నికల వేళ కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రసంగం ఒకటి తిరిగింది. తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్ల గురించి ఆయన అన్న మాటలను కత్తిరించి అతికి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లే ఎత్తేస్తామన్నట్టు చేశారు. ఢిల్లీ పోలీసులు తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి నోటీసు పంపారు, కాంగ్రెస్ సోషల్ మీడియా జాతీయ సమన్వయకర్తను అరెస్టు చేశారు. రిజర్వేషన్ మీద చదువుకుంటున్న పిల్లవాడి తండ్రి ఆ వీడియో చూసి ఎంత కలవరపడి ఉంటాడు! ఆ కలవరం ఏ కేసుతోనూ వెనక్కి రాదు. ఇక కృత్రిమ మేధతో గొంతునే పుట్టించే రోజులు వచ్చాక, చెవికి విన్నదాన్నీ నమ్మే వీల్లేదు.

నవ్వించే మనిషే నాయకుడైన వరస కూడా ఈ కాలంలోనే చూశాం. తెలంగాణలో టీవీలో తీన్మార్ వార్తలు చెప్పిన చింతపండు నవీన్‌ను జనం తీన్మార్ మల్లన్నగానే ఎరుగుదురు. తర్వాత యూట్యూబ్‌లో సొంత ఛానల్ పెట్టుకుని రోజూ పొద్దున పేపరు చదువుతూ సర్కారును కడిగేవాడు. 2021లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానంలో స్వతంత్రుడిగా నిలబడి రెండో స్థానంలో నిలిచాడు, 2024 ఉపఎన్నికలో కాంగ్రెస్ తరఫున గెలిచాడు. 2025 మార్చిలో అదే పార్టీ ఆయన్ను సస్పెండ్ చేసింది. వెక్కిరించే నోరు పదవి ఇచ్చినా మూతపడదని పార్టీలకు అప్పుడు తెలిసింది. ఉక్రెయిన్‌లో టీవీ సీరియల్‌లో అధ్యక్షుడి వేషం వేసిన హాస్యనటుడు జెలెన్‌స్కీ 2019లో నిజంగానే అధ్యక్షుడయ్యాడు. ఈజిప్టులో గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు బాసెమ్ యూసఫ్ 2011లో ఇంట్లో కూర్చుని యూట్యూబ్‌లో హాస్యం మొదలెట్టి, దేశమంతా చూసే టీవీ కార్యక్రమానికి ఎదిగి, 2014లో ఒత్తిళ్లకు తాళలేక మూసేసుకున్నాడు. మల్లన్న దారి ఈ రెండు దారుల మధ్యలో ఎక్కడో ఉంది.

వాళ్లందరి కంటే మనసుకు పట్టేది కొల్లాపూర్ అమ్మాయి కథ. డిగ్రీ చదివినా ఉద్యోగం రాలేదని, బర్రెలు కొనుక్కుని కాసుకుంటున్నానని ఒక చిన్న వీడియో చేసింది. ఆ వీడియో మీద పోలీసు కేసు పడింది. ఆ పేరే అంటుకుని బర్రెలక్క అయింది. 2023 నవంబరు ఎన్నికల్లో స్వతంత్రంగా నిలబడింది. ప్రచారంలో దాడి జరిగితే హైకోర్టు రక్షణ కల్పించమంది. 5,754 ఓట్లు వచ్చాయి. గెలవలేదు. కానీ ఆ వీడియోలో వెక్కిరింపు ఎవరి మీదా విసిరింది కాదు. తన బతుకునే చూపించి, నోటిఫికేషన్ ఏది అని నవ్వుతూ అడిగింది. ఆ ప్రశ్నకు ఏ పార్టీ సోషల్ మీడియా విభాగమూ కూలి ఇవ్వలేదు. బహుశా అందుకే అన్ని వేలమంది దాన్ని తమదిగా భావించి ఓటేశారు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. కరెంటు బిల్లు, ధ్రువపత్రాలు, గుడి దర్శనం టికెట్లు అన్నీ అందులోనే. అంటే నాదెండ్లలో ఒక రైతు ఫోనులో ఇప్పుడు సర్కారు ఒక వరసలో ఉంటుంది, సర్కారు మీద జోకు దాని కింది వరసలో ఉంటుంది. ఆ రెండింటి కింద ఊరి గ్రూపు ఉంటుంది. పల్నాడులో ఇలాంటి గ్రూపులు ఊరికి నాలుగైదు. సర్పంచి అందులోనే, ఓడిపోయిన అభ్యర్థి అందులోనే, రేషన్ డీలరు, బడి పంతులు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పని చేసే కుర్రాడు, అందరూ అందులోనే.

బజారులో వీధి దీపం వెలగడం మానేసి వారమైతే ఎవడో ఒకడు రాత్రిపూట చీకటి ఫొటో తీసి, దాని మీద బ్రహ్మానందం మొహం అతికించి గ్రూపులో పెడతాడు. వంద మంది నవ్వుతున్న బొమ్మలు పెడతారు. ఆ నవ్వు చూసేవాళ్లలో సర్పంచి ఉంటాడు. తెల్లారేసరికి ఇద్దరూ ఒకే టీ కొట్టు దగ్గర చేరాల్సిందే. “ఏరా అబ్బాయ్, రాత్రి నా మీద పెట్టింది నువ్వేగా?” అంటాడు పెద్దాయన గ్లాసు అందుకుంటూ. “బల్బు వేయించు బాబాయ్, తీసేస్తా,” అంటాడు కుర్రాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. సర్పంచి కూడా నవ్వుతూనే జేబులోంచి ఫోను తీసి కరెంటు మనిషికి కలుపుతాడు.